ఇరవై అక్షరాల పేరు

పర్చూరు దగ్గర పల్లెలో పత్తీ మిరపా వేసే బాపయ్య రెండో కూతురు నాగజ్యోతి. గుంటూరులో డిగ్రీ లెక్కలు చదివి, పంతొమ్మిది వందల తొంభై రెండులో బ్రాడీపేటలోని ఒక కంప్యూటర్ సెంటర్లో చేరింది. అప్పట్లో ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ, నేల మీద తివాచీ, మూడు కంప్యూటర్లు, వాటికి ప్లాస్టిక్ ముసుగులు. కూతుర్ని దింపడానికి వచ్చిన బాపయ్య గుమ్మంలోనే నిలబడి, "ఇంత చల్లగా పెట్టారేంటమ్మా, ఇందులో ఏం నిలవ చేస్తారు?" అని అడిగాడు. ఆ మాటకు లోపలున్న వాళ్లంతా నవ్వారు. నాగజ్యోతికి మాత్రం సిగ్గేసింది.

ఆ సెంటర్ నడిపే దుర్గాప్రసాద్ మాస్టారు డెబ్బైల్లో హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన నేర్చుకునే రోజుల్లో ప్రోగ్రామంటే అట్టముక్కల కట్ట. ఒక్కో అట్ట మీద ఒక్కో వాక్యం, అక్షరాలకు బదులు చిల్లులు. కట్టను కిటికీలోంచి లోపలికి ఇచ్చి వస్తే జవాబు మర్నాడు వచ్చేది. ఒక్క చిల్లు తప్పు పడినా ఆ రోజు వృథా. అందుకే ఆయన తన దగ్గరికి వచ్చిన పిల్లల్ని నెల రోజులదాకా కీబోర్డు ముట్టుకోనిచ్చేవాడు కాదు. తెల్లకాగితం మీద రాయమనేవాడు, రాసింది గట్టిగా చదవమనేవాడు. "మెషీన్‌కి తెలివి లేదమ్మా. నువ్వు ఎంత చెప్తే అంతే. నువ్వు చెప్పడం మర్చిపోయింది దానికి పుట్టుకతో తెలీదు," అనేవాడు.

మిగతా పిల్లలు విసుక్కున్నారు గాని నాగజ్యోతికి ఆ పద్ధతి నచ్చింది. అప్పటి కంప్యూటర్ భాషలు కోబాల్, డీబేస్ నేర్చుకుంది, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో వస్తే అదీ పట్టుకుంది. మూడేళ్లకల్లా ఎరువుల దుకాణాలకీ, బట్టల కొట్లకీ, పత్తి మిల్లులకీ ప్రోగ్రాములు రాసిచ్చే స్థాయికి వచ్చింది. ప్రోగ్రాములు ఎక్కించిన ఫ్లాపీలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని సిటీ బస్సు ఎక్కి వెళితే, కొట్టు యజమానులు ఆమెను కూర్చోబెట్టి, "ప్రోగ్రాం రాసే ఆయన ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగేవాళ్లు. "నేనేనండీ," అని చెప్పి ఫ్లాపీ బయటికి తీసేది.

తొంభై ఏడులో రాఘవులు గారు పిలిపించారు. నరసరావుపేట రోడ్డులో ఆయనకు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉండేది. ఫిబ్రవరి నుంచి మే దాకా చుట్టుపక్కల జిల్లాల నుంచి కాయలు గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకు వస్తాయి. ధర నచ్చని రైతు తన టిక్కీలు, అంటే నలభై కిలోల పైచిలుకు తూగే గోతాలు, చల్లటి గదుల్లో నిలవ చేసి మంచి ధర కోసం ఎదురు చూస్తాడు. రాఘవులు గారి గదుల్లో అరవై వేల టిక్కీలు పట్టేవి. అన్నీ ఒకేలాంటి గోతాలు. ఏది ఎవరిదో చెప్పేది ఒక్కటే, దాని మీద నల్లరంగుతో కుంచె పెట్టి రాసిన లాటు నెంబరు. ఆ నెంబర్లు రాసే మనిషి అబ్దుల్లా. పదకొండేళ్లుగా అదే పని. గోతం దొర్లుతుండగానే వంగి మూడు తిప్పుల్లో నెంబరు వేసేవాడు. ఆయన వేసిన ఏడుకూ ఒకటికీ తేడా చీకట్లో కూడా తెలుస్తుందని ముఠా కూలీలు చెప్పుకునేవాళ్లు.

నాగజ్యోతి అక్కడ నెల రోజులు కూర్చుని ప్రోగ్రాం రాసింది. కాయలు రాగానే రైతు పేరు, ఊరు, రకం, టిక్కీల సంఖ్య, గది నెంబరు కంప్యూటర్‌లో ఎక్కుతాయి. బయటికి తీసేటప్పుడు పేరు కొడితే ఆ రైతు లాటు నెంబర్లన్నీ చీటీ మీద అచ్చవుతాయి. ఆ చీటీ చూసి కూలీలు టిక్కీలు బయటికి తెస్తారు. అప్పటి తెరకు వరుసకు ఎనభై అక్షరాలే పట్టేవి. ఈ వివరాలన్నీ ఒక్క వరుసలో ఇమడాలి. పేరుకు ఇంగ్లీషులో ఇరవై అక్షరాలు కేటాయించింది. చాలనుకుంది. ఇంటిపేరుతో కలిపి రాసినా వాళ్ల నాన్న పేరుకు అన్ని పట్టవు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆ పొరపాటు జరిగింది.

ఒకే ఊరి నుంచి ఇద్దరు రైతులు, దాయాదులు, కాయలు పెట్టారు. ఒకాయన కొండ్రగుంట వెంకట సుబ్బారావు, రెండో ఆయన కొండ్రగుంట వెంకట సుబ్బయ్య. సుబ్బయ్య గుమాస్తాను పంపి తన నలభై ఎనిమిది టిక్కీలు విడిపించమన్నాడు. చీటీ మీద మాత్రం నూట పది టిక్కీలు, రెండు లాటు నెంబర్లు అచ్చయ్యాయి. కూలీలు చీటీలో ఉన్నట్టే నూట పదీ లారీకి ఎత్తారు. కొత్తగా చేరిన ఆ గుమాస్తా కూడా యజమాని సరుకంతా అదేననుకుని యార్డులో అమ్మేశాడు. కాయలు ఆ సాయంత్రమే చెన్నై దారి పట్టాయి. పదిహేను రోజుల తర్వాత సుబ్బారావు వచ్చి తన టిక్కీలు అడిగితే, ఆయన లాటు ఉండాల్సిన చోట ఖాళీ చెక్కబల్లలు కనిపించాయి.

రాఘవులు గారు అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. నాగజ్యోతి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"నీ ప్రోగ్రాంలో ఏమన్నా తేడా ఉందేమో చూడమ్మా," అన్నారాయన.

పోయిన లాట్లు అప్పటికే లెక్కలోంచి చెరిగిపోయాయి గనక, ఆమె గదుల్లో ఇంకా సరుకున్నవాళ్ల పేర్లు నాలుగైదు కొట్టి చూసింది. ఏ లాటు ఆ పేరుకే చూపించింది. "లేదండీ, బానే ఉంది," అంది. ఆ క్షణాన అది ఆమె మనస్ఫూర్తిగా నమ్మిన మాట.

"కంప్యూటర్ తప్పు చెయ్యకపోతే, రాసినవాడే సుబ్బారావు గోతాల మీద సుబ్బయ్య నెంబరు రాసుండాలి," అని రాఘవులు గారు అబ్దుల్లా వైపు తిరిగారు.

"నేను రాసిన నెంబరు నాకు తెలుసు బాబుగారూ," అన్నాడు అబ్దుల్లా. అంతకు మించి ఏమీ అనలేదు. చూపిద్దామన్నా గోతాలు చెన్నై వెళ్లిపోయాయి, చీటీ కూడా సరుకుతోనే పోయింది. మర్నాటి నుంచి ఆయన్ని పనిలోకి రావద్దన్నారు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాగజ్యోతి ఇంకేదో పని మీద రైతుల పేర్ల జాబితా అచ్చు తీస్తుంటే ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు కనబడ్డాయి. కొండ్రగుంట వెంకట, కొండ్రగుంట వెంకట. అక్కడితో పేరు తెగిపోయింది. ఆమె వేలితో ఇంగ్లీషు అక్షరాలు లెక్కబెట్టింది. ఇంటిపేరుకు పదకొండు, ఒక ఖాళీ, వెంకటకు ఏడు, ఇంకో ఖాళీ. సరిగ్గా ఇరవై. ఆ తర్వాత వచ్చే సుబ్బారావూ సుబ్బయ్యా మెషీన్ కళ్లకు లేరు. ఇద్దరూ దానికి ఒకే మనిషి.

ఆ రోజే పేరుకు నలభై అక్షరాలు ఇచ్చి ప్రోగ్రాం సరిచేసింది. "చిన్న మార్పు చేశానండీ," అని మాత్రం చెప్పి బయటికొచ్చింది. వీధిలోకి రాగానే బ్రాడీపేట దారి పట్టింది.

దుర్గాప్రసాద్ మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పాల్సింది నువ్వేనమ్మా. నేను చెప్పిస్తే నీకు మిగిలేదేముంది," అన్నాడు. మళ్లీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

చెబుదామనే అనుకుంది. ఆ వారం ఇంకో ఇద్దరు కోల్డ్ స్టోరేజీ వాళ్లు తమకూ ప్రోగ్రాం కావాలని కబురు పెట్టారు. ఆడపిల్ల రాసిన ప్రోగ్రాం కదా, ఏమవుతుందో అని అప్పటిదాకా వెనకాడినవాళ్లు వాళ్లు. పండగ వెళ్లనీ అనుకుంది, సీజను అవనీ అనుకుంది. ఒకరోజు ధైర్యం చేసి అబ్దుల్లా ఇల్లెక్కడో కనుక్కోబోతే, వాళ్లు ఊరు వదిలి చిలకలూరిపేట వెళ్లిపోయారని, అక్కడ పత్తి మిల్లులో చేరాడని తెలిసింది. చిలకలూరిపేట బస్సులో గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణం ఆమె చేయలేదు.

కాలం నడిచింది. నల్ల తెరల మీద ఆకుపచ్చ అక్షరాలు పోయి రంగురంగుల బొమ్మలు వచ్చాయి. ఫాక్స్‌ప్రో పోయి విజువల్ బేసిక్ వచ్చింది, దాని వెనకే వెబ్‌సైట్లు, ఫోన్లలో యాప్‌లు. ప్రతి ఐదారేళ్లకూ నాగజ్యోతి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టు కొత్తది నేర్చుకుంది. పెళ్లయింది, అమ్మాయి పుట్టింది, అమ్మాయి వైజాగులో డాక్టరు చదువుకు వెళ్లింది. అరండల్‌పేటలో రెండు గదుల ఆఫీసు తీసుకుని నలుగురికి పని ఇచ్చింది. పై రంగులు ఎన్నిసార్లు మార్చినా, కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాం లోపలి ఎముకలు మాత్రం తొంభై ఏడులో కాగితం మీద రాసుకున్నవే. వాటిని విప్పి చూసినప్పుడల్లా నలభై అని ఉన్న చోట ఆమె చూపు ఆగేది.

రాఘవులు గారు పెద్దవయసులో పోయారు. ఆయన కొడుకు ప్రేమ్‌చంద్ ఇప్పుడు యజమాని. మొన్న జనవరి రెండో వారంలో మూడు అట్టపెట్టెలు తెచ్చి నాగజ్యోతి బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఈ సీజను నుంచి ప్రతి టిక్కీకీ బార్‌కోడ్ పెట్టేద్దాం. కాయలు కొనే విదేశీ కంపెనీల వాళ్లు, ఏ టిక్కీ ఏ పొలం నుంచొచ్చిందో చూపించమంటున్నారు. స్కానర్ ఏది కొనాలో మీరు చెప్పండి. నాకైతే ఈ పెద్దది బాగుంది. హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో చూశాను, ఇలా చూపించగానే టక్కున పట్టేసింది."

"దేని మీద చూపించారండీ?"

"బిస్కెట్ ప్యాకెట్ మీద."

నాగజ్యోతి నవ్వి, "మనం బిస్కెట్లు నిలవ చెయ్యట్లేదు కదండీ. రెండు రోజులు గదుల్లో వాడి చూసి చెప్తాను," అంది.

ఆమె దగ్గర రెండేళ్లుగా పనిచేస్తున్న శిల్పను వెంటబెట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది. సరుకు దించుకునే విభాగానికి సూపర్‌వైజరుగా షమీమ్ అనే ఆవిడ ఉంది. నలభై దాటి ఉంటాయి, వేరే కోల్డ్ స్టోరేజీలో పదేళ్లు చేసి కిందటేడే ఇక్కడికి మారింది. మనిషి సన్నగా ఉన్నా గొంతు పెద్దది. ముగ్గురూ స్వెట్టర్లు, మంకీ క్యాపులు తొడుక్కుని గదిలోకి దిగారు.

చవకరకం స్కానర్ నుంచి ఎర్రటి గీత ఒకటి వస్తుంది. నున్నటి కాగితం మీద బాగానే చదివింది. గోతం మీద అంటించిన లేబుల్ ముడత పడితే చాలు, గీత అటూ ఇటూ కొట్టుకుంది. మిరప దుమ్ము ఒక పొర పడ్డాక అసలే చదవలేదు. ప్రేమ్‌చంద్‌కు నచ్చిన పెద్దది చిరిగిన లేబుల్ని కూడా చదివింది గాని, చేతి తొడుగు వేసుకుంటే దాని మీటలు అందలేదు. పైగా అరగంట పట్టుకునేసరికి శిల్పకు మణికట్టు నొప్పి పుట్టింది. రోజుకు మూడు వేల టిక్కీలు దిగే చోట ఎనిమిది గంటలు దాన్ని ఎవరు మోస్తారు? "ఫోన్లు చాలవా మేడం? కెమెరా ఉంటుందిగా," అని శిల్ప తన ఫోను తీసింది. గంటసేపు చదివించేసరికి చలికి బ్యాటరీ సగానికి పడిపోయింది.

మూడోది మధ్యరకం. తుపాకీ పిడిలా ఉంటుంది, గీతతో కాకుండా లోపలున్న చిన్న కెమెరాతో చూస్తుంది. గళ్లగళ్ల చదరపు కోడ్ అయితే ఓ మూల చిరిగినా చదివేస్తుంది. చదవగానే కుయ్యిమంటుంది. కానీ గదిలో గాలి కొట్టే పెద్ద ఫ్యాన్ల హోరులో ఆ కుయ్యి ఎవరికీ వినపడలేదు. షమీమ్ దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు నొక్కి చూసింది.

"ఇది చేతిలో వణుకుతోంది మేడం. చెవికి వినపడక్కర్లా, చేతికి తెలిస్తే చాలు," అంది.

ఆ మాటతో స్కానర్ సంగతి దాదాపు తేలిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. చల్లగదిలోంచి బయటికి రాగానే దాని అద్దం మీద ఆవిరి పట్టేసి, పావుగంట గుడ్డిదైపోయింది. లోపలికి రెండు, బయటికి రెండు విడివిడిగా ఉంచాలని, అటువైపువి ఇటు తేకూడదని నాగజ్యోతి రాసుకుంది.

ఇంక లేబుల్ ఎక్కడ పెట్టాలనేది మిగిలింది. గోనె మీద జిగురు నిలవదు గనక, ప్లాస్టిక్ ట్యాగు చేసి మూతితో పాటు కలిపి కుట్టేద్దామని అనుకున్నారు. మూల మీద, గోతం చెవి దగ్గర కుడితే బాగా కనపడుతుందని శిల్ప అంది.

షమీమ్ తల అడ్డంగా ఊపింది. "చెవి దగ్గర వద్దు. ముఠావాళ్లు కొక్కెం వేసేది అక్కడే. నాలుగుసార్లు ఎత్తి దించేసరికి ట్యాగు ఊడిపోద్ది. మూతి మధ్యలోంచి జానెడు ఎడంగా పెట్టండి. పేర్చినప్పుడు ఆ వైపే బయటికి ఉంటది. మా నాన్న నెంబరు అక్కడే రాసేవాడు."

"మీ నాన్నగారూ ఈ పనేనా?" అని శిల్ప మామూలుగా అడిగింది.

"ఇక్కడే. ఈ గదుల్లోనే పదకొండేళ్లు రాశాడు. తర్వాత మానిపించారు."

నాగజ్యోతి చేతిలో కలం కాగితం మీద ఆగిపోయింది. పేరు అడగనవసరం లేదు. అయినా అడిగింది. షమీమ్ చెప్పింది. నోట్లోంచి వచ్చే ఆవిరి చూస్తూ, చలిగా ఉంది బయటికి పోదాం పదండి అని మాత్రం నాగజ్యోతి అనగలిగింది.

ఆ వారం ఆఫీసులో కొత్త ప్రోగ్రాం పని మొదలైంది. పాతదానికి అతుకులు వేయకుండా మొదటి నుంచీ రాయాలని నాగజ్యోతి పట్టుబట్టింది. శిల్ప రాసే తీరు వేరు. తనకేం కావాలో మామూలు మాటల్లో కంప్యూటర్‌కు చెబుతుంది, అదే పేజీలకు పేజీలు ప్రోగ్రాం రాసిచ్చేస్తుంది. మాస్టారి అట్టముక్కల నుంచి ఇక్కడిదాకా వచ్చిన దారి నాగజ్యోతి కళ్ల ముందే నడిచింది. దాన్ని చూసి ఆమె మూతి విరవలేదు. అది రాసిందాన్ని మాత్రం కాగితం మీద అచ్చు తీసుకుని పెన్సిలుతో గీతలు పెడుతూ చదివేది.

మూడో పేజీలో రైతు పేరుకు యాభై అక్షరాలని ఉంది.

"ఇది ఎవరు నిర్ణయించారు శిల్పా?"

"అదే ఇచ్చింది మేడం. యాభై చాలు కదా."

"యాభై దాటితే ఏమవుద్ది?"

శిల్ప ఒక్క క్షణం ఆలోచించింది. "కట్ అవుద్దేమో. అడిగితే చెప్తది."

"అడగాలని నీకు తోచాలి కదమ్మా," అంది నాగజ్యోతి. అంటూనే కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కాసేపటికి వెనక్కొచ్చి, ఇరవై ఏడేళ్ల నాడు జరిగిందంతా శిల్పకు చెప్పింది. మాస్టారికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి. మాస్టారు కన్నుమూసి తొమ్మిదేళ్లయింది.

శిల్ప అచ్చు కాగితాలు పక్కన పెట్టింది. "షమీమ్ గారికి తెలుసా మేడం?" అంది.

"లేదు."

మర్నాడు పొద్దున్నే నాగజ్యోతి కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది. షమీమ్ తూకం కాటా పక్కన నిలబడి టీ తాగుతోంది. లోపలికి రమ్మని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, పేరుకు ఇచ్చిన ఇరవై అక్షరాల దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. మూడు వారాలకే తప్పు దొరికిందనీ, దొరికాక నోరు విప్పలేదనీ కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ షమీమ్ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"మా నాన్న మొదట్లో, నేను తప్పు రాయలేదనే అనేవాడండీ," అంది. "తర్వాత తర్వాత ఆయనకే అనుమానం వచ్చింది. మిల్లు నుంచి ఇంటికొచ్చి సుద్దముక్కతో గోడ మీద నెంబర్లు రాసేవాడు. నన్ను కూర్చోబెట్టి, చదువమ్మా, ఇది ఏడా ఒకటా అని అడిగేవాడు. నాకు పద్నాలుగేళ్లు. ఏడే నాన్నా అంటే, సరిగ్గా చూసి చెప్పు అనేవాడు. రోజూ. పోయేదాకా తన కళ్ల మీద, తన చేతి మీద నమ్మకం లేకుండానే బతికాడు."

నాగజ్యోతి క్షమించమని అడగబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి, ఇంత పెద్దదానికి అదెంత చిన్నదో తోచి ఆగిపోయింది.

షమీమ్ గ్లాసు కింద పెట్టింది. "నాకు చెప్పి ఏం లాభం మేడం. మా అమ్మ ఉంది. ఆమెకి మీరే వచ్చి చెప్పండి. నేను చెప్తే, కూతురు గనక తండ్రిని వెనకేసుకొచ్చింది అనుకుంటది."

"వస్తాను. దానికి ముందు ఇంకో చోట చెప్పాలి," అంది నాగజ్యోతి.

ప్రేమ్‌చంద్ విని ఇబ్బందిగా కదిలాడు. "ఇప్పుడెందుకండీ మేడం ఇదంతా? నాన్నగారూ లేరు, ఆయనా లేడు. మీ పేరు కూడా పాడవుద్ది."

"పాడవ్వాల్సినప్పుడు పాడవ్వలేదు కదండీ. ఆ ఏడు అబ్దుల్లా గారి వల్ల తప్పు జరగలేదని మీ కంపెనీ కాగితం మీద రాసివ్వండి. తప్పు ప్రోగ్రాందని, రాసింది నేనని కూడా రాయండి."

"నన్ను ఆలోచించుకోనివ్వండి," అన్నాడతను. నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు. ఇంక తనతో పని చేయించడేమోనని నాగజ్యోతి అనుకుంది. ఐదో రోజు అతనే ఆఫీసుకు వచ్చి కవరు ఇచ్చాడు. లోపల కాగితం మీద ఆరు వాక్యాలున్నాయి, కింద సంతకం, ముద్ర. "ఆ రోజు నేను ఆ గది బయట క్రికెట్ ఆడుతున్నా మేడం. ఆయన బయటికొస్తూ నా బాల్ తీసి ఇచ్చాడు. అది గుర్తొచ్చింది," అన్నాడు.

ఆదివారం షమీమ్‌తో కలిసి చిలకలూరిపేట బస్సెక్కింది. షాజాదీ బేగంకు డెబ్బై దాటాయి. వరండాలో నవారు మంచం మీద కూర్చుని అంతా విన్నది. కాగితాన్ని కూతురి చేత రెండుసార్లు చదివించుకుంది.

"మీకు అప్పుడు ఎన్నేళ్లు?" అని అడిగింది.

"ఇరవై ఏడండీ."

"చిన్నపిల్లవే," అంది ఆవిడ. ఆ మాటలో కోపముందో జాలి ఉందో నాగజ్యోతికి తెలియలేదు. "నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదమ్మా. మంచిదానివని చెప్పడానికీ మనసొప్పట్లేదు. ఆయన బతికుండగా వచ్చుంటే ఈ మంచం మీదే కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. ఆయన అలాంటివాడు. నేను అంత కాదు." కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది.  తర్వాత కూతురి వైపు తిరిగి, "షమీమ్, ఎండన పడొచ్చింది, మంచినీళ్లివ్వు," అంది.

తిరుగు ప్రయాణంలో రోడ్డుకు రెండు వైపులా పొలాల్లో కోసిన మిరప ఎర్రగా ఆరబోసి ఉంది. షమీమ్ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. నాగజ్యోతికి మనసు తేలిక పడలేదు. ఎన్నో ఏళ్లుగా ఒంటరిగా చూస్తున్నదాన్ని ఇప్పుడు ఇంకొందరితో కలిసి చూస్తున్నట్టుంది, అంతే.

ఫిబ్రవరి చివర్లో కొత్త ప్రోగ్రాం నడవడం మొదలైంది. అందులో ప్రతి రైతుకూ ఒక నెంబరు, ప్రతి టిక్కీకీ ఒక నెంబరు. పేరు తెలుగులో ఎంత పొడుగున్నా పూర్తిగా పడుతుంది, కానీ మెషీన్ గుర్తుపట్టేది పేరుతో కాదు. స్కానర్ చదివినదానికీ చీటీకీ పొంతన కుదరకపోతే తెర ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు ఏ మాట చూపించాలని శిల్ప అడిగింది. కంప్యూటర్ రాసిచ్చిన మాట, తప్పు నెంబరు ఇచ్చారు, అని. నాగజ్యోతి దాన్ని కొట్టేసి ఇలా రాయించింది: పొంతన కుదరలేదు. ముందు ప్రోగ్రాం చూడండి, తర్వాత ట్యాగు చూడండి, ఆ తర్వాత మనిషిని అడగండి.

"ఇంత పొడుగా మేడం?"

"పొడుగైనా పర్లేదు."

మార్చి రెండో వారంలో ఒక పొద్దున ఆ మాట తెర మీద మొదటిసారి కనిపించింది. ప్రేమ్‌చంద్ కూలీలను కేకేయబోయి, తెర చదివి, ఫోను తీశాడు. నాగజ్యోతి స్కూటీ మీద వచ్చి గంటసేపు ప్రోగ్రాంను అటూ ఇటూ తిరగేసింది. ఏ తేడా కనపడలేదు. ఇంకోసారి మొదటి నుంచి చూద్దామని కూర్చోబోతుంటే, బయట ట్యాగుల పెట్టె లెక్క చూసుకుని షమీమ్ లోపలికి వచ్చింది.

"ఇది నాదే మేడం," అంది సూటిగా. "రెండు బండ్లు ఒకేసారి వచ్చినయ్. ఒకరి ట్యాగుల కట్ట ఇంకొకరి టిక్కీలకి కుట్టించా. ముప్పై నాలుగు."

 ప్రేమ్‌చంద్ ఏదో అనబోయి మానుకుని, "సరే, విప్పి మళ్లీ కుట్టండి," అన్నాడు.

షమీమ్ కత్తెర తీసుకుంది. నాగజ్యోతి చున్నీ నడుముకు బిగించి, స్కానర్ చేతిలోకి తీసుకుని ఆమె పక్కన నిలబడింది. ఒకరు ట్యాగు విప్పి కొత్తది కుడుతుంటే, ఒకరు చదివించారు. చదివిన ప్రతిసారీ స్కానర్ అరచేతిలో సన్నగా వణికింది. పదో టిక్కీ దగ్గర ఇద్దరికీ మిరప ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. షమీమ్ తన సంచిలోంచి ఇంకో రుమాలు తీసి ఇచ్చి, ముక్కుకు ఎలా కట్టుకోవాలో చూపించింది. భోజనాల వేళకు ముప్పై నాలుగూ అయిపోయాయి.